రోడ్డు గీత మ్యాపు మీద ఉండగానే అడగాల్సినవి

పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ఇరవై, ముప్పై ఏళ్ల ముందుచూపుతో తయారయ్యే మాస్టర్ ప్లాన్లకు, రోడ్ల విస్తరణకు, బైపాస్‌లకు మున్సిపల్ కౌన్సిళ్లు మద్దతు తీర్మానాలు చేస్తుంటాయి. ఆ తీర్మానం వల్ల ఇంటికి, షాపుకు, పొలానికి ఏమవుతుందన్నది మాత్రం సమావేశంలో ఎవరూ విప్పి చెప్పరు. ఈసారి ప్రశ్నలన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. పట్టణ ప్రణాళిక, భూసేకరణ, రోడ్ల ఇంజినీరింగ్‌లో పనిచేసినవారు జవాబులు రాశారు.

ప్రశ్న: మా కౌన్సిల్ కొత్త మాస్టర్ ప్లాన్‌ను ఏకగ్రీవంగా ఆమోదించిందని పేపర్లో వచ్చింది. ఇక అయిపోయినట్టేనా? మేం చెప్పుకోవడానికి ఏమైనా మిగిలిందా?
(ఒక ఉపాధ్యాయుడు, తెలంగాణలోని జిల్లా కేంద్రం)

జవాబు: పేపర్లో ‘ఆమోదం’ అని వచ్చినా, అది ఏ దశలో ఇచ్చిన ఆమోదమో ముందు తెలుసుకోండి. కౌన్సిల్ తీర్మానాలు మూడు రకాలు. ముసాయిదాను ప్రజల ముందు పెట్టడానికి ఒప్పుకునేది మొదటిది. ఇది వచ్చిందంటే మీ అవకాశం ఇప్పుడే మొదలైందన్నమాట. అభ్యంతరాలు విన్న తర్వాత మార్పులతో ప్లాన్‌ను పైకి పంపేది రెండోది. అక్కడి నుంచి ఫైలు డీటీసీపీకి (రాష్ట్ర పట్టణ, గ్రామ ప్రణాళిక విభాగానికి), ఆపైన పురపాలక శాఖకు వెళుతుంది. జీవో వచ్చాకే మాస్టర్ ప్లాన్‌కు చట్టబలం వస్తుంది. మూడోది ఏదైనా ఒక రోడ్డు వెడల్పును ఖరారు చేసే తీర్మానం. జనం దీన్ని పెద్దగా పట్టించుకోరు, కానీ అన్నిటికంటే ముందు తగిలేది ఇదే. ఆ గీత పడిన మర్నాటి నుంచే ఇంటి ప్లాన్‌కు అనుమతి కోసం వెళ్లినవారిని ‘రోడ్డుకు పోయే భాగం వదిలి కట్టండి’ అంటారు. రోడ్డు మాత్రం పదేళ్లకు వేయొచ్చు, ఇరవై ఏళ్లకు వేయొచ్చు.

రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన 12వ షెడ్యూలులో 18 అంశాలుంటే, మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక, నాలుగోది రోడ్లు, వంతెనలు. కాగితం మీద ఇవి మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనులు. ఆచరణలో మాత్రం తుది సంతకం రాష్ట్ర ప్రభుత్వానిదే. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) లాంటి సంస్థ ఉన్నచోట ప్లాన్ తయారుచేసేది కూడా ఆ సంస్థే. పది లక్షల జనాభా దాటిన మహానగర ప్రాంతాలకు మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలని, అందులో కనీసం మూడింట రెండొంతుల మంది ఎన్నికైన స్థానిక ప్రతినిధులే కావాలని రాజ్యాంగంలో ఉంది. ఆ కమిటీ కూర్చుని చర్చించకుండా రాసిన ప్లాన్‌ను ప్రశ్నించడానికి మీకూ, మీ కౌన్సిలర్‌కూ హక్కుంది.

ప్రశ్న: కామారెడ్డిలో రైతులు మాస్టర్ ప్లాన్ మీద అంత పెద్ద పోరాటం ఎందుకు చేశారు? ప్లాన్‌లో జోన్ మారితే భూమి పోయినట్టేనా?
(ఒక రైతు, నిజామాబాద్ జిల్లా)

జవాబు: భూమి పోదు. పట్టా మీ పేరునే ఉంటుంది, సాగు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అలాగని రైతుల భయం వట్టిది కాదు.

కామారెడ్డి ముసాయిదాలో విలీన గ్రామాల పచ్చటి పొలాలను పరిశ్రమల జోన్‌గా చూపారు. పొలాల మీదుగా వంద అడుగుల రోడ్లు గీశారు. 2023 జనవరి మొదటి వారంలో అడ్లూర్ ఎల్లారెడ్డికి చెందిన ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాక ఆందోళన కలెక్టరేట్ దాకా వెళ్లింది, పట్టణ బంద్ జరిగింది. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో కౌన్సిల్ వెనక్కు తగ్గింది.

జోన్ మారితే ఏం జరుగుతుందో లెక్కగా చూద్దాం. పట్టణాన్ని ఆనుకుని ఉన్న పొలానికి ధర పలికేది రేపు అక్కడ ఇళ్ల ప్లాట్లు పడతాయన్న ఆశ మీద. దాన్ని పరిశ్రమల జోన్‌లో వేస్తే లేఅవుట్‌కు అనుమతి రాదు. భూ వినియోగ మార్పు కోసం ప్రభుత్వం దాకా వెళ్లాలి, ఫీజు కట్టాలి, జీవో కోసం ఎదురుచూడాలి. కొనేవాడు ఆ ఖర్చును, ఆ కాలాన్ని ధరలోంచి కోసేస్తాడు. పక్క సర్వే నంబరు నివాస జోన్‌లో పడితే దాని ధర పెరుగుతుంది. ఒక గట్టుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు రైతుల బతుకులు మ్యాపులో రంగు మారినంత మాత్రాన వేరైపోతాయి. కూతురి పెళ్లికో, పిల్లల చదువుకో ఎకరం అమ్ముదామనుకున్నవాడికి ఇది చిన్న దెబ్బ కాదు.

రోడ్డు గీత పడిన భాగం ఇంకా ఇబ్బంది. అక్కడ షెడ్డు వేయాలన్నా అనుమతి రాదు, సేకరణ నోటీసు రాలేదు కాబట్టి పరిహారమూ రాదు. ఏళ్ల తరబడి అలా నడుమ వేలాడాల్సిందే. ముసాయిదా వేసేవారు చేయాల్సిన మొదటి పని, ఏ సర్వే నంబరులో ఎంత భాగం దేనికి పోతోందో తెలుగులో పట్టిక రాసి గ్రామ చావడిలో అతికించడం. రంగుల మ్యాపు ఒక్కటీ ఆఫీసు గోడకు తగిలిస్తే రైతుకు అర్థమయ్యేదేమీ ఉండదు.

ప్రశ్న: ముసాయిదా మీద అభ్యంతరం రాయాలంటే ఎలా రాయాలి?
(ఒక గృహిణి, గుంటూరు జిల్లా)

జవాబు: ‘మాకు అన్యాయం జరుగుతోంది’ అని రాస్తే ‘పరిశీలించాం, ఆమోదయోగ్యం కాదు’ అని ఒక్క వాక్యంలో కొట్టేస్తారు. గడువు తేదీ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, అది దాటనివ్వకండి. షీటు నంబరు, సర్వే నంబరు లేదా డోర్ నంబరు, విస్తీర్ణం, ప్లాన్‌లో ఏమని చూపారు, అక్కడ నిజంగా ఏముంది, దాని బదులు మీరు కోరే మార్పేమిటి, ఈ ఆరూ ఉండాలి. ఆఖరిది ముఖ్యం. ‘రోడ్డు వద్దు’ అనేదానికంటే ‘దక్షిణాన 40 మీటర్ల దూరంలో ప్రభుత్వ బంజరు ఉంది, రోడ్డును అటు జరపండి’ అన్న అభ్యంతరానికి బలం ఎక్కువ.

కేంద్రం పట్టణాల కోసం తెచ్చిన అమృత్ పథకం కింద తయారైన జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపు) ప్లాన్లకు 1:4000 స్కేలు వాడారు. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద నాలుగు మీటర్లు. గీత మందంలోనే ఒక ఇంటి వరండా పోతుంది. పైగా పాత గ్రామ నక్షాను ఉపగ్రహ చిత్రం మీద పరిచినప్పుడు సరిహద్దులు జరుగుతాయి. కుంట ఉన్నచోట ఇల్లు, ఇల్లున్నచోట పార్కు కనిపించేది అందుకే. మీ స్థలం చుట్టూ నాలుగు మూలల్లో నిలబడి ఫోన్లో అక్షాంశ రేఖాంశాలు తీసి, ఫొటోలతో జతచేయండి. దరఖాస్తు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరిచిపోవద్దు.

ప్రశ్న: మా వీధి 60 అడుగుల నుంచి 100 అడుగులు చేస్తామని ఎర్ర రంగుతో మార్కింగ్ వేశారు. షాపు ముందుభాగం 60 గజాలు పోతుంది. ‘టీడీఆర్ బాండ్ తీసుకుని సంతకం పెట్టండి’ అంటున్నారు. డబ్బు అడగొచ్చా? కింద పోర్షన్‌లో అద్దెకున్న టైలర్ సంగతేమిటి?
(ఒక షాపు యజమాని, హైదరాబాద్ శివార్లు)

జవాబు: అడగొచ్చు. టీడీఆర్ అంటే భూమి ఊరికే రాసిచ్చి, బదులుగా అదనంగా కట్టుకునే హక్కును కాగితంగా తీసుకోవడం. అది మీ ఇష్టంతో జరగాల్సింది. ఇష్టం లేకపోతే మున్సిపాలిటీ భూసేకరణ దారిలో రావాలి. తెలంగాణ 2017 చివర్లో తెచ్చిన విధానంలో రోడ్డుకు వదిలిన స్థలానికి నాలుగింతల నిర్మాణ హక్కు ఇస్తారు. మీ 60 గజాలకు 240 గజాల బాండు వస్తుంది.

ఇప్పుడు నగదు లెక్క. 2013 భూసేకరణ చట్టంలో మార్కెట్ విలువను రిజిస్ట్రేషన్ ధర, ఆ చుట్టుపక్కల మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాన్ని పట్టి కడతారు. పట్టణంలో దాన్ని ఒకటితోనే హెచ్చిస్తారు. పల్లెల్లో ఆ గుణకం రెండు దాకా ఉండొచ్చు. కట్టడం విలువ కలిపి, మొత్తానికి వంద శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము) ఇవ్వాలి. ఉదాహరణకు గజం రూ.40,000 అనుకుందాం. 60 గజాలకు రూ.24 లక్షలు, సొలేషియంతో రూ.48 లక్షలు. కట్టడానికి వచ్చేది వేరు. అంటే 240 గజాల బాండును గజం రూ.20,000కు తగ్గకుండా కొనేవాడుంటేనే భూమి వరకైనా టీడీఆర్ నగదుతో సమానమవుతుంది. అవతలి స్థలంలో వాడేటప్పుడు రెండు చోట్ల భూమి విలువల నిష్పత్తిని బట్టి విస్తీర్ణం మారుతుంది కాబట్టి, మీ ప్రాంతం చవక, కొనే బిల్డర్ స్థలం ఖరీదు అయితే 240 గజాలు అక్కడ చాలా తగ్గిపోతాయి. సంతకానికి ముందే ఇద్దరు బిల్డర్లను అడిగి ధర రాయించుకోండి. మిగిలిన స్థలంలో మీరే అదనపు అంతస్తు వేసుకోగలిగితే మాత్రం టీడీఆర్ లాభమే.

బాండు మీద మీ డోర్ నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూడండి. ఊరి చివరి భూమికి నడిబొడ్డు డోర్ నంబరు వేసి విలువ పెంచిన మోసాలు బయటపడ్డాక, తేడా ఉన్న బాండ్లను కొనడానికి ఎవరూ ముందుకు రావడం లేదు.

ఇక భవనం. ఎర్ర గీత మీ ముందు వరుస పిల్లర్లకు ఇవతల పడిందా, అవతల పడిందా? పిల్లర్లు పోయేలా ఉంటే గోడ కొట్టి సరిపెట్టుకోవడం కుదరదు. రెండో వరుస నుంచి వచ్చే బీముల చివర ఆధారం లేకుండా గాల్లో ఉంటుంది. అప్పుడు శ్లాబు వంగి, బీము పైభాగంలో పగుళ్లు వస్తాయి. ఎందుకంటే చివర ఆధారం ఉన్న బీముకు అసలు కమ్మీ అడుగున వేస్తారు, గాల్లో వేలాడే బీముకు అది పైన ఉండాలి. కాబట్టి ముందు బీముల కింద జాకీలు నిలబెట్టాలి, గీతకు లోపల కొత్త ఫుటింగ్, కొత్త పిల్లర్ వేసి, క్యూరింగ్ పూర్తయ్యాకే పాతవి కొట్టాలి. జేసీబీ వచ్చిన రోజు ఇవేవీ చేయలేరు. కొత్త పిల్లర్లు, మెట్లు, నీటి సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, మీటరు బోర్డు మార్చే ఖర్చులన్నీ పంచనామాలో రాయించండి. ఒకసారి సంతకం పెట్టాక ‘అప్పుడెందుకు చెప్పలేదు’ అంటారు. భవనం పనికిరాకుండా పోతుందనుకుంటే, కొంత భాగం కాదు మొత్తం తీసుకోండని అడిగే హక్కు 2013 భూసేకరణ చట్టం 94వ సెక్షన్‌లో ఉంది. ఆ పరిహారం మీద ఆదాయపన్ను లేదని 96వ సెక్షన్ చెబుతుంది.

మీ టైలర్ విషయం అడగడం మాకు సంతోషం కలిగించింది. చాలామంది యజమానులు అడగరు. మూడేళ్లుగా అక్కడే జీవనాధారం ఉన్న కుటుంబం పట్టణంలోనైనా ‘బాధిత కుటుంబం’ కిందకే వస్తుంది. చిన్న వ్యాపారులకు, చేతివృత్తులవారికి ఒకసారి ఇచ్చే సాయం కనీసం రూ.25,000 అని రెండో షెడ్యూలులో ఉంది. అయితే మీరు టీడీఆర్ దారిలో వెళితే ఆ చట్టం రంగంలోకే రాదు, ఆయనకు ఏమీ దక్కదు. మీ చర్చల్లో ఆయన్నూ కూర్చోబెట్టండి.

ప్రశ్న: నేను కౌన్సిలర్‌ని. వచ్చే సమావేశంలో రెండు రోడ్ల విస్తరణకు మద్దతు తెలపాలి. అజెండాలో ఒక్క పేరా తప్ప వివరం లేదు. ఏం అడగాలి?
(ఒక మహిళా కౌన్సిలర్, ఆంధ్రప్రదేశ్)

జవాబు: మొదట డబ్బు అడగండి అమ్మా. 60 అడుగుల రోడ్డును వంద చేస్తే 40 అడుగులు పెరుగుతుంది. కిలోమీటరుకు సుమారు మూడెకరాలు, అంటే 14,500 గజాలు. గజం రూ.40,000 అనుకున్నా సొలేషియంతో కలిపి భూమికే కిలోమీటరుకు రూ.116 కోట్లు. కట్టడాల విలువ ఇంకా కలపలేదు. తారు రోడ్డు వేసే ఖర్చు దీని ముందు చాలా తక్కువ. అంచనా కాగితంలో తారు, డివైడర్, లైట్లు మాత్రమే ఉంటే, భూమి ఉచితంగా వచ్చేస్తుందని రాసినవారు అనుకున్నారన్నమాట. అలాంటి పనులే సగంలో ఆగుతాయి. ఒప్పుకున్నవారి ముందు రోడ్డు వెడల్పవుతుంది, కోర్టుకు వెళ్లినవారి ముందు ఇరుకుగానే మిగులుతుంది. ఆ ఇరుకు దగ్గర ట్రాఫిక్ ముందుకంటే ఎక్కువ ఆగుతుంది, ప్రమాదాలూ అక్కడే.

రెండోది అడ్డుకోత చిత్రం, అంటే రోడ్డు వెడల్పులో దేనికి ఎంత చోటో చూపే బొమ్మ. వంద అడుగులంటే 30 మీటర్లు. డివైడర్‌కు 1.2 మీటర్లు. లేన్ 3.5 మీటర్ల చొప్పున ఒక్కో వైపు మూడు లేన్లు వేస్తే రెండు వైపులా 21 మీటర్లు. మిగిలింది 7.8, అంటే ఒక్కో పక్క 3.9 మీటర్లు. ఇందులోనే ఫుట్‌పాత్, వరద కాలువ, కరెంటు స్తంభాలు, చెట్లు, నీటి పైపు, కేబుళ్లు ఇమడాలి. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం అడ్డంకులు లేని నడకదారే కనీసం 1.8 మీటర్లు. బస్‌బే ఎక్కడ? ఆటోలు ఎక్కడ ఆగుతాయి? షాపుల ముందు బండ్లు ఎక్కడ పెడతారు? జవాబు లేకపోతే మూడో లేన్ పార్కింగ్ అయిపోతుంది. అదే సంస్థ లెక్కలో డివైడర్ ఉన్న ఆరు లేన్ల ప్రధాన రహదారి గంటకు 5,400 కార్లకు సమానమైన వాహనాలు మోస్తుంది, నాలుగు లేన్లది 3,600. ఆరు లేన్లకు ఇళ్లు కొట్టి నాలుగు లేన్ల ఫలితం తీసుకోవడమంటే, ఆ ఇళ్లలో కొన్ని అనవసరంగా కూలినట్టే. పార్కింగ్‌ను ముందే గీసి నాలుగు లేన్లకు 80 అడుగులు సరిపోతుందేమో చూపించమనండి. మా దృష్టిలో మీరు అడగాల్సిన వాటిలో అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇదే.

మూడోది నేల కింద ఉన్నవి. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు జరపడానికి విద్యుత్ సంస్థకు డిపాజిట్ కట్టాలి. అది అంచనాలో లేకపోతే కొత్త రోడ్డు మధ్యలో పాత స్తంభాలు నిలబడే ఉంటాయి. రాత్రిపూట బైకులు గుద్దుకునేది వాటికే. మంచినీటి పైపు, డ్రైనేజీ ముందు మార్చి తర్వాత తారు వేయాలి. క్రమం తిరగబడితే కొత్త రోడ్డును తవ్వాల్సిందే. వరద కాలువకు ఎగువ, దిగువ అడుగు మట్టాలు అంకెల్లో అడగండి. కాలువ చివర కలిసే నాలా మట్టం కాలువ అడుగుకంటే పైనుంటే ఎంత వెడల్పు కట్టినా నీళ్లు వెనక్కే తంతాయి. పాత రోడ్డు మీద పొర మీద పొర వేసుకుంటూ పోతే పొరకు 40, 50 మిల్లీమీటర్ల చొప్పున రోడ్డు లేచి ఇళ్ల గడపలు కిందికి పోతాయి. పాత పొర గీకి తీసి వేయాలన్న షరతు తీర్మానంలోనే రాయించండి.

మద్దతు ఇవ్వొద్దని మేం అనడం లేదు. ఊరు పెరుగుతుంది, రోడ్లు కావాలి. ‘కౌన్సిల్ మద్దతు తెలిపింది’ అన్న ఒక్క వాక్యం బదులు ‘ఈ షరతులతో, భూసేకరణ నిధులు జమ అయ్యాకే, ఫలానా జంక్షన్ నుంచి ఫలానా జంక్షన్ దాకా మొదటి దశగా’ అని రాయించండి. అలా రాసిన తీర్మానం తర్వాత ఎప్పుడైనా కోర్టులో పనికొస్తుంది.

ప్రశ్న: మా ఊరి మధ్య నుంచి జాతీయ రహదారి పోతోంది. ఇప్పుడు బైపాస్ అంటున్నారు. మున్సిపాలిటీ మాట చెల్లుతుందా? పొలం పోయేవారికి ఎంత సమయం ఉంటుంది?
(ఒక వ్యాపారి, ప్రకాశం జిల్లా)

జవాబు: మున్సిపాలిటీ తీర్మానం కేంద్రాన్ని కట్టిపడేయదు. కానీ గీత ఖరారయ్యే ముందు, డీపీఆర్ (ప్రాజెక్టు సమగ్ర నివేదిక) దశలో వెళితే దానికి విలువ ఉంటుంది. జాతీయ రహదారుల చట్టంలో గడువులు చాలా బిగువు. భూమి తీసుకోబోతున్నామని తెలిపే 3ఏ నోటిఫికేషన్ ప్రచురించిన రోజు నుంచి 21 రోజుల్లో అభ్యంతరం ఇవ్వాలి. 3డి ప్రకటన రాగానే భూమి కేంద్రానిదైపోతుంది. 3ఏ తర్వాత ఏడాదిలోపు 3డి రాకపోతే మొదటి నోటిఫికేషన్ చెల్లదు. పరిహారం మీద పేచీ ఉంటే ఆర్బిట్రేటర్ దగ్గరకు వెళ్లాలి. 2015 నుంచి 2013 చట్టం ప్రకారమే పరిహారం లెక్కకడుతున్నారు. అంతకుముందు సేకరించిన భూములకూ సొలేషియం, వడ్డీ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2019లో తర్సేమ్ సింగ్ కేసులో తేల్చింది.

బైపాస్ గీతలో రైతులు గట్టిగా పట్టుకోవాల్సింది దాటే దారుల గురించి. పొలం రెండు ముక్కలైతే ట్రాక్టర్, పశువులు అవతలికి ఎలా వెళతాయి? కట్ట ఎత్తులో వేసే రోడ్డుకు తర్వాత అండర్‌పాస్ పెట్టడం చాలా కష్టం. లారీ ఎత్తున వరిగడ్డి వేసుకుని పోవాలంటే 5.5 మీటర్ల ఎత్తున్న అండర్‌పాస్ కావాలి. చిన్నది పెడితే కోతల కాలంలో మూడు, నాలుగు కిలోమీటర్లు తిరిగి రావాల్సి వస్తుంది. పొలాల వాననీరు కట్టకు ఎగువన నిలవకుండా తూములు ఎక్కడెక్కడో కూడా చూసుకోండి.

పట్టణం వైపు నుంచి జాగ్రత్త వేరే ఉంది. బైపాస్ పడగానే దానికి అటూ ఇటూ లేఅవుట్లు లేచి, పదిహేనేళ్లలో అది కూడా ఊరి మధ్య రోడ్డవుతుంది. ఊళ్లు లేని ఖాళీ ప్రాంతాల్లో జాతీయ రహదారి మధ్య గీత నుంచి 40 మీటర్ల దాకా కట్టడాలు ఉండకూడదు, 75 మీటర్ల దాకా నియంత్రణ ఉండాలన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. మీ మాస్టర్ ప్లాన్‌లో ఈ రెండు గీతలూ, సర్వీసు రోడ్డూ ముందే ఉండాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు తిరిగినా ఇంకా వేగం నిలబడిందంటే, ఇంటర్‌ఛేంజిల దగ్గర తప్ప ఎక్కడా ఎక్కనివ్వకపోవడం వల్లే. బైపాస్ వచ్చాక పాత రోడ్డును రాష్ట్రానికో మున్సిపాలిటీకో అప్పగిస్తారు. అప్పగింతకు ముందు ఒకసారి పూర్తిగా బాగుచేసి ఇవ్వాలని తీర్మానంలో అడగండి. లేదంటే ఆ గుంతలు మీ ఖాతాలో పడతాయి.

ప్రశ్న: మేముండే అమెరికా నగరంలో యాభై ఏళ్ల కిందట కట్టిన హైవేని తీసేద్దామని చర్చ జరుగుతోంది. కట్టినదాన్ని ఎందుకు కూల్చడం?
(ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, న్యూయార్క్ రాష్ట్రం)

జవాబు: అది ఎలా కట్టారో చూస్తే అర్థమవుతుంది. 1949 హౌసింగ్ చట్టం కింద పాత బస్తీలను ఖాళీ చేయించే ప్రాజెక్టుల నికర ఖర్చులో మూడింట రెండొంతులు కేంద్రం ఇచ్చేది. 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్ హైవేల ఖర్చులో 90 శాతం కూడా కేంద్రమే భరించింది. సిటీ కౌన్సిళ్లకు ఇది చేతికొచ్చిన డబ్బులా కనిపించింది, గబగబా మద్దతు తీర్మానాలు చేశాయి. భూమి చవకగా దొరికేచోట, గొంతు వినిపించలేనివారు ఉండేచోట గీతలు పడ్డాయి. సెయింట్ పాల్‌లో రోండో, మీ రాష్ట్రంలోనే సిరక్యూస్‌లో ఫిఫ్టీన్త్ వార్డ్, రెండూ నల్లజాతివారి బస్తీలు. ఒకదాన్ని ఐ-94 ఇంటర్‌స్టేట్ హైవే చీల్చింది, రెండోదాని మీద ఐ-81 హైవే వంతెన లేచింది. పన్ను కట్టే ఇళ్లు, దుకాణాలు పోయాయి, నగర కేంద్రం ఖాళీ అయింది, నిర్వహణ ఖర్చు మిగిలింది.

అందరూ తలూపలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో బోర్డ్ ఆఫ్ సూపర్వైజర్స్ 1959లో ఏడు ఫ్రీవేలను తోసిపుచ్చింది. అక్కడ అప్పటికే కట్టిన ఎంబార్కడెరో ఫ్రీవే 1989 భూకంపంలో దెబ్బతింటే, బాగుచేయకుండా 1991లో కూల్చి సముద్రతీరాన్ని ఊరికి తిరిగిచ్చారు. రోచెస్టర్‌లో పల్లంలో పోయే ఇన్నర్ లూప్ తూర్పు భాగాన్ని 2014, 2017 మధ్య మట్టితో పూడ్చి మామూలు వీధిగా మార్చారు, పక్కన ఇళ్లు లేచాయి. సిరక్యూస్‌లో వంతెన తీసే పని నడుస్తోంది.

మన కౌన్సిళ్లు అక్కడి నుంచి నేర్చుకోదగింది ఒకటుంది. 1962 చట్టం తర్వాత యాభై వేల జనాభా దాటిన పట్టణ ప్రాంతాలన్నిటికీ ఉమ్మడి, నిరంతర రవాణా ప్రణాళిక తప్పనిసరి చేశారు. ఇప్పుడు ఈ ప్రణాళిక చూసే ప్రాంతీయ సంస్థలు కనీసం ఇరవై ఏళ్ల ప్లాన్ రాయాలి, అందులో ప్రతి పనికీ డబ్బు ఎక్కడిదో చూపాలి. చూపలేని రోడ్డును జాబితాలో పెట్టడానికి వీల్లేదు. మన మాస్టర్ ప్లాన్లలో ఈ ఒక్క నియమం ఉండి ఉంటే కాగితపు రోడ్ల కింద ఇరుక్కున్న వేల ఇళ్లకు ఊపిరి ఆడేది. మీ నగరంలోనూ ఆ సంస్థ ముసాయిదా మీద ప్రజాభిప్రాయ గడువు ఉంటుంది. మన తెలుగువారు అలాంటిచోట తక్కువగా కనిపిస్తారు. వెళ్లండి, మాట్లాడండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇళ్లు తీసి ఊరిని బాగుచేసిన పాత ఉదాహరణ ఏదైనా ఉందా?
(ఒక డిగ్రీ విద్యార్థిని, నల్గొండ)

జవాబు: ఉంది. 1908 మూసీ వరదల తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసిన ఆ బోర్డే తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఇళ్లు కూడా కట్టింది. పత్తర్‌గట్టిలో రోడ్డుకు రెండు పక్కలా రాతి కమానుల కింద వరుస దుకాణాలు ఆ కాలం పనే. నడిచేవారికి ఎండ తగలకుండా ఫుట్‌పాత్‌ను భవనంలోనే కలిపేశారు. ఒకసారి వెళ్లి ఆ కమానుల కింద నడిచి చూడండి.

ప్రశ్న: ‘మూడు రోజుల్లో మీరే కూల్చుకోండి’ అని తలుపుకు నోటీసు అంటించి పోయారు. ముందు ఏ కాగితమూ రాలేదు. ఏం చేయాలి?
(ఒక వృద్ధ దంపతులు, వరంగల్)

జవాబు: నోటీసు చింపకండి, తేదీ కనిపించేలా ఫొటో తీయండి. అది ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇచ్చారో చూడండి. ఆక్రమణ అని ఇచ్చారా, రోడ్డు విస్తరణ అని ఇచ్చారా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. అదే రోజు దస్తావేజు, ఇంటి ప్లాన్ అనుమతి, ఆస్తి పన్ను రసీదులు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) నకళ్లు జతచేసి కమిషనర్‌కు రాతపూర్వకంగా జవాబిచ్చి ముద్ర వేయించుకోండి. మీ స్థలం కొలిచిన నివేదిక, రోడ్డు వెడల్పును ఆమోదించిన తీర్మానం నకలు ఇవ్వమని అందులోనే అడగండి.

2024 మే నెలలో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆస్తి తీసుకునే ముందు నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలతో నిర్ణయం రాయాలి, ప్రజా ప్రయోజనం చూపాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి. ఇవి లేకుండా తీసుకుంటే రాజ్యాంగం 300ఏ అధికరణకు విరుద్ధం. మీ జవాబులో ఈ తీర్పును ప్రస్తావించండి. మర్నాడు ఉదయానికల్లా ఆ కాగితాలతో హైకోర్టు న్యాయవాదిని కలవండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు కాబట్టి దరఖాస్తు అమ్మగారి పేరుతో పెట్టండి.